తోక చక్రానికి కమాను

మా ఆయన చేతిలో పడ్డ వస్తువు ఏదైనా రెండింట్లో ఒకటి కావలసిందే. వంగి మళ్ళీ లేచి నిలబడేది, లేదంటే విరిగిపోయేది. తలుపు గడియ, బిందె చెవి, కుర్చీ కాలు, అన్నీ ఆ పరీక్షకి నిలవాల్సినవే. ఒకసారి వంటింట్లో కొత్తగా బిగించిన కుళాయి నిలవలేదు. చీలమండలు మునిగేంత నీళ్ళలో నిలబడి, గోడలోంచి ఊడొచ్చిన కుళాయిని నా మొహం ముందు ఆడిస్తూ, "చూశావా, దొంగ సరుకు! నేను ఊరికే ముట్టుకున్నానంతే" అన్నాడు. ఆయన ముట్టుకోవడం అలా ఉండేది.

వీధిలో ఆయన్ని ఉరుము మేస్త్రి అనేవాళ్ళు. మొహం మీద కాదు, వీపు వెనక. లారీల కమాన్లు చెయ్యడం ఆయన పని. లారీ కింద ఇరుసుకీ బండికీ మధ్య, వంచిన ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టగా బిగించి ఉంటాయి. వాటినే కమాన్లంటారు. బరువు మోసేది అవే, గుంతల దెబ్బలు తినేదీ అవే. మా ఇంటి వెనక గోడకి ఆనుకుని రేకుల షెడ్డు, అందులో కొలిమి, ఇనుము పెట్టి కొట్టే దాగలి, వస్తువుని బిగించి పట్టుకోడానికి నేలలో పాతిన పెద్ద వైసు, పైన దూలానికి వేలాడే చైను కప్పీ. సమ్మెట వెయ్యడానికి ఒక మనిషి ఉండేవాడు. బండోడు అని పిలిచేవాళ్ళం. కొండలా ఉండేవాడు, కానీ మా ఆయన గొంతు లేస్తే గోడకి అతుక్కుపోయేవాడు.

మామూలు మనిషికి ముందు మాట వస్తుంది, తర్వాత అరుపు, ఆ తర్వాత చెయ్యి. మా ఆయనకి ముందు చెయ్యి వచ్చేది. వెనకే అరుపు వచ్చేది. మాట ఎప్పుడో, కంచం ముందు కూర్చున్నాక వచ్చేది. కమాను విరిగిందని గొడవకి వచ్చిన డ్రైవరు మెడ పట్టుకుని లారీ కిందకి తోసి, "చూడు, నువ్వెంత బరువు ఎక్కించావో నీ కళ్ళతోనే చూడు" అని తల ఇరుసుకి ఆనించి నొక్కిపెట్టాడు ఒకసారి. బండోడు, నేను కలిసి లాగితే గానీ వదల్లేదు. నా మీద ఎన్నడూ చెయ్యి వెయ్యలేదు. ఒకసారి వెయ్యబోయి, ఆఖరి క్షణంలో గోడ మీద వేశాడు. సున్నం పెచ్చు ఊడింది. ఆయన వేళ్ళు వాస్తే కట్టు నేనే కట్టాను. ఆ పెచ్చు ఊడిన చోటు కనపడ్డప్పుడల్లా నేను చూపు తిప్పుకునేదాన్ని. ఆయనా అటు చూసేవాడు కాదు.

అలాంటి మనిషికి ఎదురు నిలిచి మాట్లాడగలిగినవాడు ఒక్కడే, మా తమ్ముడు. కాలిపోయిన కరెంటు మోటార్లకి తీగ చుట్టే పని వాడిది. చీపురుపుల్లలా ఉండేవాడు. నోరు మాత్రం బ్లేడు. ఊరి చివర మూతపడ్డ గిడ్డంగి ఒకటి అద్దెకి తీసుకుని, ఏళ్ళ తరబడి అందులో విమానం కడుతున్నాడు. ఒక్క మనిషి కూర్చునే విమానం. కర్ర, సన్నటి ఇనప గొట్టాలు, పైన బిగించి రంగు పూసిన గుడ్డ. గిడ్డంగి ముందు పొడుగాటి మట్టి మైదానం ఉంది. ఎగిరేది అక్కడి నించే.

"ఏరా, నీ గాలిపటం ఎంతవరకు వచ్చింది?" అనేవాడు మా ఆయన.

"తోక దాకా వచ్చింది బావా. నీ తలకాయ దాకా ఇంకా రాలేదు."

"నా తల మీదుగా పోయేటప్పుడు చెప్పు. సుత్తి విసిరి దింపుతా."

"విసురు. అదైనా సూటిగా పోతుందేమో, నీ మాటలా కాకుండా."

బావాబావమరదులు అలా తిట్టుకుంటూ ఉంటే నాకు నిశ్చింత. తిట్లు ఆగితేనే భయం.

తోక దాకా వచ్చిందన్నది నిజమే. ఆ విమానానికి ముందు రెండు పెద్ద చక్రాలు, తోక కింద ఒక చిన్న చక్రం. నేల మీద ఉన్నంతసేపూ తోక బరువు ఆ చిన్న చక్రం మీదే. చక్రానికీ విమానానికీ మధ్య ఉండేది ఒకే ఒక కమాను, నా ముంజేతి పొడుగు. లారీకి కట్ట ఉంటుంది, ఒకటి విరిగినా మిగతావి మోస్తాయి. ఇక్కడ విరిగితే ఇంకేం లేదు. తోక నేలకి రాసుకుని, విమానం బొంగరంలా తిరుగుతుంది. వేగంలో అలా తిరిగితే లోపలున్నవాడు బతకడం కష్టం అని మా తమ్ముడే చెప్పాడు, టీ తాగుతూ, ఎవరి సంగతో చెప్తున్నట్టు. నా చేతిలో గ్లాసు జారింది. మా ఆయన మాత్రం గ్లాసు కింద పెట్టి, "ఆ కమాను నేను చేస్తా. వేరేవాడు ముట్టుకుంటే చెయ్యి విరుస్తా" అన్నాడు.

దేంతో చెయ్యాలన్నదే గొడవ.

మా తమ్ముడు మొదట అల్యూమినియం పట్టీ తెచ్చాడు, తేలిగ్గా ఉంటుందని. మా ఆయన దాన్ని వైసులో బిగించి, రెండో కొసకి చైను తగిలించి, కప్పీ లాగాడు. పట్టీ సులువుగా వంగింది. వదిలాడు. వంగినట్టే ఉండిపోయింది.

"పడుకుంది. దీనికి నిద్ర కావాలి, పని కాదు" అని దాన్ని చేత్తోనే మెలిపెట్టి వీధిలోకి విసిరాడు. ఎదురింటి మెట్ల మీద పడి మోగింది. ఆ ఇంటావిడ కిటికీ మూసుకుంది.

తర్వాత గాజు పీచుతో చేసిన కడ్డీ. వైసులో బిగించి లాగితే విల్లులా వంగింది. చైను జారిపోయింది. కడ్డీ ఎగిరొచ్చి మా ఆయన ముంజేతిని చరిచింది. చర్మం చీలి రక్తం బొటబొటా కారింది. మా తమ్ముడు గంతులేశాడు. "చూశావా బావా! నిన్నే కొట్టింది! ఇంతకన్నా మంచి సరుకు ఎక్కడ దొరుకుతుంది?"

మా ఆయన రక్తం తుడుచుకోలేదు. చక్రం బిగించే బోల్టు కోసం ఆ కడ్డీ కొసలో బెజ్జం వేసి, మళ్ళీ బిగించి లాగి, సుత్తితో ఒక్కటి వేశాడు. ఆ బెజ్జం దగ్గరే మొదలై, చెరుకు చీలినట్టు పొడుగునా చీలిపోయింది.

"బోల్టు ఎందుకు? చుట్టూ పట్టు వేసి బిగించొచ్చు" అన్నాడు మా తమ్ముడు.

"పట్టు వెయ్యడానికి ఇదేమన్నా విరిగిన కాలా?"

"నీకు రానిది పనికిరానిదేనా?"

అలా పట్టు వేస్తే నిలిచేదేమో, ఇప్పటికీ నాకు తెలియదు. మా ఆయన మనసులో ఉన్నది ఒకటే, లారీ కమాను ఉక్కు. మూలనున్న పాత పట్టీ ఒకటి తీసి దాగలి మీద పడేశాడు. మా తమ్ముడు దాన్ని కాలితో తన్నాడు. "ఎన్ని గుంతల్లో పడి వచ్చిందో ఇది! లోపల ఎక్కడ పగిలి ఉందో నీ కంటికి కనపడుతుందా? నా ప్రాణం నీ చెత్తకుప్పలోంచి ఏరి పెడతావా?"

చెత్తకుప్ప అన్నందుకు చెయ్యి లేచింది. మా తమ్ముడు వెళ్ళి నూనె డబ్బా మీద పడ్డాడు. డబ్బా దొర్లింది. వాడు లేచి తలతో మా ఆయన కడుపులో గుద్దాడు. ఇద్దరూ నూనెలో పొర్లుతూ, జుట్టు పట్టుకుని, మోకాళ్ళతో పొడుచుకుంటూ వైసు చుట్టూ తిరిగారు. బండోడు గోడకి అతుక్కుని ఉన్నాడు. నాకు అరవడం రాదు. వెళ్ళి కొలిమికి గాలి కొట్టే ఫ్యాను ఆపాను. ఆ మోత ఆగేసరికి వాళ్ళ బూతులు వాళ్ళకే వినపడ్డాయి. ఇద్దరూ వదిలారు.

మా తమ్ముడు పెదవి తుడుచుకుంటూ, "లారీ ఉక్కే కావాలంటే కొత్త పట్టీ తీసుకో. బండి కింద పడనిది" అన్నాడు.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా, గాడిదా!"

"చెప్పనిచ్చావా?"

అలా తేలింది. ఏ బండికీ బిగించని కొత్త పట్టీ తీశాడు. దాన్ని సన్నగా సాగదియ్యాలి, మొదలు దగ్గర మందం, చక్రం వైపు పోను పోను పలచన. ఎర్రగా కాగిన పట్టీని పట్టకారుతో పట్టి ఆయన తిప్పుతుంటే బండోడు సమ్మెట వేశాడు. వంటింట్లో గిన్నెలు అలమరలోంచి జారి కిందపడేవి. తర్వాత నూనెలో ముంచాడు. మంట ఆయన కనుబొమల దాకా లేచింది. కనుబొమలు కాలిన వాసనతోనే అన్నానికి వచ్చాడు. అలా ముంచితే ఉక్కు గట్టిపడుతుంది, కానీ గాజులా పెళుసుగా ఉంటుందట. మళ్ళీ సన్నటి సెగ మీద కాక చూపించి ఆ పెళుసు తీశాడు. చివరికి వైసులో బిగించి, చైనుతో బెత్తెడు కిందకి లాగి, మొదలు దగ్గర సుత్తితో కొట్టాడు. అదీ ఆయన పరీక్ష. పట్టీ మోగింది, విరగలేదు. వదిలితే సూటిగా లేచి నిలబడింది. ఆయన దాన్ని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆయన చేసిన ప్రతి కమాను మీదా మూడు చుక్కలు ఉండేవి. పంచి అనే మొనదేలిన ఉక్కు మేకు పెట్టి సుత్తితో ఒక్కొక్క దెబ్బ. అది ఆయన గుర్తు. లారీ పట్టీకి ఆ చుక్కలు సరిగ్గా మధ్యలో, ఇరుసుకి బిగించే క్లాంపు కిందకి పోయే చోట పడతాయి. అక్కడ పట్టీ వంగదు కాబట్టి ఏ బాధా లేదు. విమానం కమానుకి ఎక్కడ వెయ్యాలా అని ఆయన చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"క్లాంపు కింద వేస్తే ఎవడు చూస్తాడు? అడుగున, బయటికి వెయ్యాలి. వాడు పైన ఎగిరేటప్పుడు కింద నించి చూసేవాళ్ళకి కనపడాలి కదా" అన్నాడు.

ఆకాశంలో పోయే విమానం తోక కింద నువ్వుగింజంత చుక్కలు ఎవరికి కనపడతాయి? అయినా ఎవరూ నవ్వలేదు. మా తమ్ముడైతే, "గట్టిగా వెయ్యి బావా" అన్నాడు. గట్టిగానే వేశాడు.

విమానం మొదట ఎగరదు, నేల మీద పరిగెత్తించి చూడాలి. ఒక ఉదయం మైదానంలో ఇంజను రొద చేస్తూ కదిలింది. దుమ్ము మేఘంలా లేచింది. ఒక మిట్ట మీద తోక ఎగిరి పడింది. రెండో మిట్ట మీద మళ్ళీ పడింది. ఈసారి తుపాకి పేలినట్టు వినపడింది. తోక నేలకి ఆనింది. విమానం గిర్రున తిరిగి, రెక్క కొస మట్టిలో దిగి, పక్కనున్న ఇనప డ్రమ్ముల మీదకి దొర్లింది. గుడ్డ చిరిగింది, కర్రలు పటపటా విరిగాయి. ఆ తర్వాత ఇంజను ఆగింది.

నేను చేరేసరికే మా ఆయన తలుపు పెరికేసి, బెల్టు కోసి, వాణ్ణి బయటికి లాగాడు. వాడి నోటి నిండా రక్తం. మెడ దగ్గర ఎముక విరిగి ఒక చెయ్యి వేలాడుతోంది. రెండో చేత్తో వాడు బావ చెంప మీద లాగి కొట్టాడు. "నీ లారీ ఇనుము! నన్ను చంపేవాడివి!" అని ఉమ్మాడు. రక్తం మా ఆయన మొహం మీద పడింది. మా ఆయనకి ముందు వచ్చేది చెయ్యే కదా. వచ్చింది. విరిగిన ఎముక మీదే పడింది. మా తమ్ముడు పెట్టిన కేక మనిషి కేకలా లేదు. మా ఆయన తన చేతిని చూసుకుంటూ, పాలిపోయి, ఆ దుమ్ములో కూలబడ్డాడు.

ఆసుపత్రిలో కట్టు కట్టించి వాణ్ణి మా ఇంటికే తెచ్చాను. ముందు గదిలో మంచం వేశాను. షెడ్డులో దబదబ మోత వినపడి పరిగెత్తాను. విరిగిన కమాను ముక్కలు రెండూ దాగలి పక్కన ఉన్నాయి. విరుగు సరిగ్గా చుక్కల మీదుగా పోయింది. ఒక్కో చుక్కా సగం ఒక ముక్క మీద, సగం రెండో దాని మీద. మా ఆయన తన పంచిని దాగలి మీద పడుకోబెట్టి సమ్మెటతో కొడుతున్నాడు. అది పగిలి, ఒక పెచ్చు ఎగిరి ఆయన చెంపలో దిగింది. ఇంకా కొడుతూనే ఉన్నాడు, కొట్టడానికి ఏమీ మిగలనిదాకా.

"ఏమైందండీ?" అన్నాను.

"ఉక్కు మంచిదే. నేనే చంపాను దాన్ని. వంగే చోట గాట్లు పెట్టాను" అన్నాడు. తర్వాత, "చెంపలో ఏదో ఉంది. తియ్యవే" అన్నాడు.

చెంప మీద కట్టుతోనే తమ్ముడి మంచం దగ్గరికి వెళ్ళాడు. క్షమించమనడం ఆయనకి రాదు. నిలబడి, "చుక్కలు" అన్నాడు, అంతే.

మా తమ్ముడు పైకప్పు వైపు చూస్తూ, "గట్టిగా వెయ్యమన్నది నేనే కదా" అన్నాడు. బావ వైపు తల తిప్పి, "ఇంకోటి చెయ్యి బావా. ఈసారి బోడిగా చెయ్యి" అన్నాడు.

చేశాడు. ఒకటి కాదు, రెండు. మొదటిది కొలిమిలో ఉండగా ఒక డ్రైవరు వచ్చి, బావమరిది విమానం సంగతి ఎత్తి ఏదో అన్నాడు. మా ఆయన బయటికి వెళ్ళి వాణ్ణి వాడి లారీ తలుపుకేసి కొట్టాడు. చొక్కా చిరిగి, రొప్పుతూ తిరిగొచ్చేసరికి ఫ్యాను తిరుగుతూనే ఉంది, పట్టీ తెల్లగా కాగి నిప్పురవ్వలు చిమ్ముతోంది. ఉక్కు అంత కాగితే లోపల చచ్చిపోతుంది. మళ్ళీ దారికి రాదు.

"పారెయ్యండి" అన్నాను.

"పారెయ్యను. చివరిదాకా చేస్తా. చేసి, నీ తమ్ముడి ముందే విరిచి చూపిస్తా. కాలిన ఉక్కు లోపల కల్లుప్పులా ఉంటుంది. వాడు చూడాలి. రేపు నేను లేనప్పుడు ఎవడో ఇలాంటిది అంటగడితే తెలియాలి కదా."

రెండోది శ్రద్ధగా చేశాడు. అరవలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. రెండింటినీ ఒకేలా సానపట్టి, అంచులు గుండ్రంగా అరగదీసి, గీత లేకుండా నునుపు చేశాడు. దెబ్బ గాటు పడకుండా పరీక్షకి ఇత్తడి సుత్తి ఒకటి తయారు చేసుకున్నాడు. తమ్ముడు మంచం దిగి షెడ్డు దాకా నడవగలిగాక పరీక్ష చేద్దామని రెండింటినీ పక్కపక్కన అరలో పెట్టాడు. గుర్తులు లేవు. ఏది ఏదో ఆయనకి తెలుసు. ఇంకెవరికీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున ఒక లారీ కమాన్ల కట్ట విప్పుతున్నాడు. కట్టను మధ్యలో ఒక బోల్టు పట్టుకుని ఉంటుంది. ఆ బోల్టు ఊడదియ్యాలంటే ముందు రెండు పక్కలా క్లాంపులు బిగించాలి. లేకపోతే వంచి నొక్కి ఉన్న పట్టీలు ఒక్కసారి విచ్చుకుంటాయి. ఇది ఆయన బండోడికి ఎన్నిసార్లు చెప్పాడో, చెప్పకుండా ఎన్నిసార్లు కొట్టాడో! ఆ రోజు బోల్టు తుప్పు పట్టి రాలేదు. తిట్టాడు. తన్నాడు. "క్లాంపు వేద్దాం మేస్త్రీ" అని బండోడు అంటూనే ఉన్నాడట. ఉలి పెట్టి సమ్మెటతో ఒక్కటి వేశాడు.

నేను వంటింట్లో ఉన్నాను. గోడ అదిరింది. షెడ్డులోకి వెళ్ళేసరికి బండోడు ఆయన తల ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. పైపట్టీ రొమ్ము మీద తగిలింది. చొక్కా చిరగలేదు కూడా. కానీ రొమ్ము ఉండాల్సిన ఎత్తులో లేదు. నా వైపు చూసి ఏదో తిట్టబోయినట్టు నోరు తెరిచాడు. మాట బదులు రక్తం వచ్చింది.

చూడ్డానికి వచ్చినవాళ్ళు మంచివాళ్ళే. కానీ మనుషుల నోరు ఊరుకోదు. "చేతిలో పనితనం పోయింది పాపం. మొన్న బావమరిదిని చంపబోయాడు, ఇవాళ తనే పోయాడు" అని వరండాలో చెప్పుకున్నారు. లారీ తలుపుకేసి కొట్టించుకున్న డ్రైవరు కూడా వచ్చాడు. తల దించుకుని కూర్చుని వెళ్ళాడు, ఏమీ అనకుండా. వాడొక్కడే నయం. నేను ఏడవలేదు. నా లోపల ఏదో బిగించేసినట్టు ఉండేది.

అందరూ వెళ్ళిపోయాక, గిడ్డంగిలో బండోడి సాయంతో విమానం రెక్క బాగుచెయ్యడం కూడా అయ్యాక, మా తమ్ముడు ఒక మధ్యాహ్నం అరలోంచి ఆ కమాన్లు రెండూ తీసి నా ముందు పెట్టాడు.

"అక్కా, ఇవి నువ్వు దాచుకో. బావ ఆఖరి పని. నేను ఇంకేదో చూసుకుంటా. గాజు పీచో, కొన్నదో."

"నువ్వు ఎగరడం మానవు కదా?"

"మానను."

"వీటిలో ఒకటి మంచిది."

"ఒకటి కాలింది. ఏది ఏదో నీకు తెలుసా? నాకూ తెలియదు. తప్పుది బిగిస్తే ఈసారి మెడ ఎముక కాదు, మెడే."

రెండింటినీ చెరొక చేత్తో పట్టుకున్నాను. ఒకే బరువు, ఒకే నునుపు. ఒకటి నా తమ్ముణ్ణి మోస్తుంది, ఒకటి చంపుతుంది. తెలిసినవాడు లేడు. దాచుకోవడమంటే మంచిదాన్నీ కాలినదాన్నీ కలిపి బట్టల్లో చుట్టి పెట్టడం. అప్పుడు వరండాలో వాళ్ళు అన్న మాటే మిగులుతుంది.

"వైసులో పెట్టు" అన్నాను.

"అక్కా, మంచిది కూడా విరిగితే?"

"విరగనీ. నువ్వు విరిగేకంటే నయం."

బండోడు చైను లాగడానికి ఒప్పుకున్నాడు గానీ సుత్తి ముట్టుకోలేదు. "మేస్త్రి చేసినదాన్ని నేను కొట్టనమ్మా. నన్ను ఇంకేదైనా చెయ్యమను" అని చేతులు వెనక్కి దాచుకున్నాడు. మా తమ్ముడి చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది. ఇత్తడి సుత్తి నేను తీసుకున్నాను. పక్కకి జరిగి నిలబడ్డాను. ఎక్కడ నిలబడాలో ఇన్నేళ్ళుగా చూసిందే కదా.

మొదటిది. బండోడు బెత్తెడు కిందకి లాగాడు. కొట్టాను. మోగింది. ఇంకోటి వేశాను. మోగింది. "ఇదే అయ్యుంటుంది" అంటున్నాడు మా తమ్ముడు. మూడోది వేశాను. ఫెళ్ళున విరిగింది. ముక్క నా చెవి పక్కనించి గాలి కోస్తూ పోయి, పైరేకు చీల్చుకుని బయటపడింది. రేకు చిల్లులోంచి ఎండ వైసు మీద పడింది. మిగిలిన మొండెం చూశాం. విరిగిన మొహం మెరుస్తూ, గరుగ్గా, అచ్చం కల్లుప్పులా ఉంది.

"ఇది కాలింది" అన్నాడు మా తమ్ముడు. "ఇంక చాలక్కా. రెండోదే మంచిది. కొట్టకు."

"ఇది కాలిందని తెలిసింది. రెండోది మంచిదని తెలియలేదు. బిగించు."

బిగించారు. లాగారు. కొట్టాను. మోగింది. ఈ మోత వేరు. షెడ్డంతా నిండి, నా పళ్ళలోకి పాకింది. మళ్ళీ కొట్టాను. "ఇంకా కిందకి లాగు" అన్నాను. బండోడు మా తమ్ముడి వైపు చూశాడు. "అటు చూస్తావేం? లాగు!" అని అరిచాను. నా గొంతు అంత లేస్తుందని నాకు తెలియదు. లాగాడు. కొట్టాను. సుత్తి ఎగిరొచ్చి నా భుజానికి తగిలింది. కళ్ళు బైర్లు కమ్మాయి. మళ్ళీ ఎత్తాను. కొడుతుంటే నోట్లోంచి మాటలు వస్తున్నాయి, ఆపడం నా వల్ల కావడం లేదు.

"క్లాంపు వెయ్యడానికి ఏం రోగం నీకు? ఏం రోగం? వాడు చెప్తూనే ఉన్నాడుగా! బోల్టు నీతో ఏమంది? ఒక్కసారి, ఒక్కసారన్నా ఆగావా నువ్వు?"

బతికుండగా ఆయన్ని మీరు అనే పిలిచాను. ఒక్క రోజు కూడా తప్పలేదు. ఆ వేళ ఒక్కొక్క దెబ్బకీ నువ్వు, నీకు అంటూ కొట్టాను. అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. సుత్తి పిడి తడిసి జారిపోతోంది. ఆ కమాను తిన్న ప్రతి దెబ్బా నాకు తిరిగి ఇచ్చేసింది, భుజంలోకి, వెన్నులోకి. విరగలేదు. చివరికి మా తమ్ముడు ఒంటి చేత్తో నా నడుం చుట్టి వెనక్కి లాగేశాడు.

"చాలు! చాలక్కా. అది విరగదు. నువ్వు విరుగుతావు."

చైను వదిలారు. కమాను నిదానంగా లేచి, సూటిగా నిలబడింది. బండోడు కూలబడి మొహం కప్పుకుని ఏడ్చాడు. అప్పుడు నాకూ ఏడుపు వచ్చింది. ముగ్గురం ఆ నూనె నేల మీద కూర్చుని, సిగ్గు లేకుండా ఏడ్చాం.

మా తమ్ముడి ఎముక అతుక్కున్నాక ఆ కమానునే బిగించాడు. ముందు నేల మీద పరిగెత్తించాడు, ఆ మిట్టల మీదే. నిలిచింది. గాలి లేని ఒక ఉదయం పైకి లేచాడు. మైదానం చుట్టూ ఒక పెద్ద చుట్టు తిరిగాడు. నాకు ఎగరడం మీద ధ్యాస లేదు. దిగడం మీదే ప్రాణం. దిగేటప్పుడు వాడు తడబడ్డాడు. ముందు చక్రాలు తగిలి ఎగిరాయి, తోక దబ్బున నేలని గుద్దింది, లేచి మళ్ళీ గుద్దింది. బండోడు కళ్ళు మూసుకున్నాడు. విమానం కాస్త పక్కకి లాగి, సర్దుకుని, సూటిగా పరిగెత్తి, దుమ్ములో ఆగింది.

చెప్పులు ఎక్కడో ఊడిపోయాయి. పరిగెత్తుకుంటూ వెళ్ళి తోక కింద మోకాళ్ళ మీద కూర్చున్నాను. కమాను మొదలు నించి చక్రం దాకా, అడుగున, అంచుల్లో, వేలితో తడిమాను.

మా తమ్ముడు కిందకి దిగి, చెమటతో తడిసి ముద్దై, నా వెనక వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, నేనిక్కడున్నా. బతికే దిగాను. ముందు నన్ను చూడవేంటి?"

"నువ్వు మాట్లాడుతున్నావుగా. ఇది మాట్లాడదు. ఉండు, చూడనీ."

వాడు నవ్వబోయాడు. నా పక్కనే మట్టిలో కూర్చుండిపోయాడు. నేను చక్రం తిప్పి, అవతలి అంచు కూడా చూశాను. గీత లేదు.